ఒక క్లిక్కు, రెండు క్లిక్కులు

పల్లెటూరి ఉన్నత పాఠశాలలో గంట కొట్టు పద్ధతి విద్యార్థులందరికిని తెలిసినదే. మొదటి పీరియడుకు ఒక దెబ్బ, రెండవ పీరియడుకు రెండు దెబ్బలు, మూడవదానికి మూడు. ఇట్లు దెబ్బలను లెక్కించి ఎన్నవ పీరియడు మొదలైనదో తెలిసికొందురు. ఈ పద్ధతిలో ఒక చిన్న విశేషము దాగియున్నది. మొదటి దెబ్బ చెవిని పడిన క్షణమున అది మొదటి పీరియడు గంటయో, రెండు దెబ్బలలో మొదటిదో ఎవరును చెప్పజాలరు. రెండవ దెబ్బ వినబడినచో కొంత తెలియును. వినబడనిచో, కొంతసేపు నిశ్శబ్దముగా గడచిన పిమ్మటనే "ఇది ఒక్క దెబ్బయే" అని నిశ్చయింపగలము. కనుక ఒక్క దెబ్బను గుర్తించుటకు ఆ దెబ్బ చాలదు. దాని వెనుక వచ్చు నిశ్శబ్దము కూడ కావలెను.

కంప్యూటరు తెరమీది బటనును మౌసుతో నొక్కునపుడు ఇదే చిక్కు ఎదురగును. మౌసుకు గల మీటను ఒకసారి నొక్కి వదలుటను క్లిక్కు అందురు. స్వల్ప కాలములో, ఒకే చోట, రెండుసార్లు నొక్కి వదలుటను డబుల్ క్లిక్కు అందురు. మీట చేతిలో ఉండు వస్తువు; బటను తెరమీద గీసిన బొమ్మ. మీట కదలికను చూచి బటను ఏమి చేయవలెనో నిర్ణయించునది ప్రోగ్రాము. ఆ నిర్ణయము పొరపాటైనచో ఏమగునో, పొరపాటు కాకుండ ప్రోగ్రామును ఎట్లు వ్రాయవలెనో ఈ వ్యాసమున వివరింపబడును.

వర్షపు లెక్కలో ఒక ఉదాహరణము

అనంతపురము జిల్లాలోని శింగనమల ప్రాంతము పడమటి కనుమలకు తూర్పున వర్షచ్ఛాయలో ఉన్న మెట్ట పీఠభూమి. ఉమ్మడి అనంతపురము జిల్లా సగటు వార్షిక వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇచ్చటి ముఖ్యమైన వర్షాధారపు పంట వేరుశనగ. ఊడలు దిగు సమయమున నేలలో తడి లేనిచో కాయ పట్టదు. అందువలన ఇచ్చట ప్రతి మిల్లీమీటరుకును విలువ కలదు.

మన దేశమున వర్షమును ప్రతిదినము ఉదయము 8:30 గంటలకు కొలుతురు. ఒక దినమున 2.5 మిల్లీమీటర్లు గాని, అంతకు మించి గాని వర్షము పడినచో దానిని "వర్షపు దినము"గా లెక్కించుట భారత వాతావరణ శాఖ వారి పద్ధతి. కరవు మండలములను నిర్ణయించునపుడు వర్షపాతపు లోటును, వానలు లేక గడచిన దినముల వరుసను కూడ పరిశీలింతురు.

శింగనమల వంటి ఊరిలో ఉన్నత పాఠశాల విద్యార్థులు పాఠశాల ఆవరణలో వర్షమాపకమును ఉంచి, దినదినపు లెక్కను కంప్యూటరులో భద్రపరచుటకు ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసిరనుకొందము. తెరమీద ఒక గడి. అందులో వర్షపాతము టైపు చేయవలెను. గడి ప్రక్కన "నమోదు" అను బటను. దానిని నొక్కగానే గడిలోని అంకె ఆ దినపు మొత్తమునకు కలుపబడును.

ఒకనాడు 2 మిల్లీమీటర్ల జల్లు పడినది. లెక్క వ్రాయు విద్యార్థి కంప్యూటరుకు క్రొత్తవాడు. ఫైళ్ళను తెరచుటకు రెండుసార్లు నొక్కవలెనని నేర్చినవాడగుటచే, "నమోదు" బటనును కూడ అలవాటు చొప్పున రెండుసార్లు నొక్కెను. ప్రోగ్రాము 2 మిల్లీమీటర్లను రెండుసార్లు కలిపి 4 అని వ్రాసికొనెను. 2 మిల్లీమీటర్లు వర్షపు దినము కాదు. 4 మిల్లీమీటర్లు వర్షపు దినము. చేనిలో వేరుశనగ మొక్కకు చాలినంత తడి అందలేదు గాని, లెక్కలో మాత్రము ఎండదినముల వరుస తెగిపోయినది. వర్షమాపకము తప్పు చూపలేదు. విద్యార్థి అంకెను తప్పుగా టైపు చేయలేదు. రెండవ క్లిక్కును ఏమి చేయవలెనో ప్రోగ్రాము వ్రాసినవారు ఆలోచింపకపోవుటయే దీనికి కారణము.

డబుల్ క్లిక్కు పుట్టుక

మౌసు అను సాధనమును ఊహించినవాడు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో పనిచేసిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్. ఆయన సహచరుడు బిల్ ఇంగ్లీష్ 1964లో మొదటి నమూనాను తయారుచేసెను. అది చిన్న కొయ్యపెట్టె. దానికి ఒకే మీట ఉండెను. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఎంగెల్‌బార్ట్ బహిరంగముగా ప్రదర్శించిన మౌసుకు మూడు మీటలు ఉండెను. 1973లో జిరాక్సు సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రమున రూపొందిన ఆల్టో కంప్యూటరుకు కూడ మూడు మీటల మౌసే ఉండెను.

మూడు మీటలలో ఏది ఏ పనికో గుర్తుంచుకొనుట క్రొత్తవారికి కష్టము. ఆ కేంద్రముననే 1970ల నడుమ లారీ టెస్లర్, టిమ్ మాట్ అనువారు జిప్సీ అను రచనా ప్రోగ్రామును నిర్మించిరి. అందులో ఒక పదమును ఎన్నుకొనుటకు దానిమీద రెండుసార్లు వెంటవెంటనే నొక్కు పద్ధతిని వాడిరి. 1983లో ఆపిల్ సంస్థ లీసా కంప్యూటరును, 1984లో మాకింటాషును ఒకే మీట గల మౌసుతో విడుదల చేసెను. మీట ఒకటే అయినపుడు పనులను వేరుచేయుటకు మరియొక గుర్తు కావలసివచ్చినది. ఆ గుర్తు కాలమే. విడిగా వచ్చు క్లిక్కుకు ఒక అర్థము, వెంటవెంటనే వచ్చు రెండు క్లిక్కులకు వేరొక అర్థము ఏర్పడెను. చేతిలోని మీట సులభమైనది గాని, అంతవరకు మీటల సంఖ్య మోసిన బరువు ఇపుడు గడియారము మీద పడినది.

కంప్యూటరు లోపల జరుగునది

విండోసు మొదలగు నిర్వాహక వ్యవస్థలు మీట యొక్క ప్రతి కదలికను ఒక వార్తగా ప్రోగ్రామునకు అందించును. ఒక క్లిక్కుకు రెండు వార్తలు: "మీట దిగినది", "మీట లేచినది". డబుల్ క్లిక్కు జరిగినపుడు విండోసులో నాలుగు వార్తలు ఈ వరుసలో రావచ్చును: దిగినది, లేచినది, డబుల్ క్లిక్కు, లేచినది. రెండవసారి మీట దిగినపుడు వ్యవస్థ రెండు విషయములను పరీక్షించును. మొదటి నొక్కుకును దీనికిని నడుమ కాలము నిర్ణీత హద్దులో ఉన్నదా? స్థానము మొదటి స్థానమునకు చాల దగ్గరగా ఉన్నదా? రెండును సరియైనచో "దిగినది" అను మాటకు బదులు "డబుల్ క్లిక్కు" అను మాట పంపును.

విండోసులో ఈ కాలపు హద్దు మామూలుగా 500 మిల్లీసెకనులు, అనగా అర సెకను. దీనిని మౌసు అమరికలలో తగ్గించుకొనవచ్చును, పెంచుకొనవచ్చును. క్యూటీ అను ప్రోగ్రామింగు సాధనమున ఈ హద్దు మామూలుగా 400 మిల్లీసెకనులు. స్థానపు హద్దు విండోసులో మామూలుగా నాలుగు పిక్సెళ్ళ ప్రమాణము గల చిన్న చతురము. పిక్సెలు అనగా తెరమీది బొమ్మలోని ఒక చుక్క. వృద్ధుల చేయి వణకినపుడు రెండవ నొక్కు ఈ చతురము దాటి పడును. అపుడు వారు ఎంత వేగముగా నొక్కినను డబుల్ క్లిక్కు కాదు, రెండు విడి క్లిక్కులే అగును.

ఇచ్చట ముఖ్యముగా గ్రహింపవలసినది ఒకటి కలదు. డబుల్ క్లిక్కు వార్త వచ్చునాటికి మొదటి క్లిక్కు వార్త అదివరకే వచ్చి, దాని పని కూడ జరిగిపోయి ఉండును. వ్యవస్థ మొదటి క్లిక్కును దాచిపెట్టి వేచియుండదు. జావా భాషలో ప్రతి క్లిక్కుతో పాటు దాని సంఖ్య కూడ వచ్చును. డబుల్ క్లిక్కులో మొదట 1 అనియు, తరువాత 2 అనియు వచ్చును. పైథాను భాషతో వచ్చు టికింటర్ సాధనమున ఒకే వస్తువునకు ఒంటి నొక్కుకు ఒక పనిని, జంట నొక్కుకు వేరొక పనిని కట్టినచో, జంట నొక్కు నొక్కినపుడు మొదట ఒంటి నొక్కు పని జరిగి, పిమ్మట జంట నొక్కు పని జరుగును. ఇక సాధారణమైన బటనుకు డబుల్ క్లిక్కు అను వేరు అర్థమే ఉండదు. ఎన్నిసార్లు నొక్కిన అన్ని క్లిక్కులుగా అది లెక్కించును. శింగనమల ఉదాహరణమున 2 మిల్లీమీటర్లు రెండుసార్లు కలియుటకు కారణము ఇదియే.

ఒకే బటనుకు రెండు పనులు

ఒక క్లిక్కుకు ఒక పని, డబుల్ క్లిక్కుకు పూర్తిగా వేరొక పని చేయు బటను కావలెనని కొందరు కోరుదురు. ఉదాహరణమునకు, ఒకసారి నొక్కినచో నేటి వర్షమును చూపవలెను. రెండుసార్లు నొక్కినచో నెల మొత్తమును మాత్రమే చూపవలెను. దీనిని సాధించుటకు ప్రోగ్రాము పాఠశాల గంటను విను విద్యార్థివలె నిశ్శబ్దము కొరకు వేచియుండవలెను. విధానము ఇట్లుండును.

1. క్లిక్కు రాగానే, టైమరు అదివరకే నడుచుచున్నదా అని చూడవలెను.
2. నడువనిచో ఇది మొదటి క్లిక్కు. అర సెకను టైమరును ప్రారంభించి ఊరకుండవలెను.
3. నడుచుచున్నచో ఇది రెండవ క్లిక్కు. టైమరును రద్దుచేసి డబుల్ క్లిక్కు పని చేయవలెను.
4. రెండవ క్లిక్కు రాకుండ టైమరు ముగిసినచో, ఒంటి క్లిక్కు పని చేయవలెను.

టికింటర్‌లో టైమరును ప్రారంభించుటకు "ఆఫ్టర్", రద్దుచేయుటకు "ఆఫ్టర్ క్యాన్సిల్" అను ఆజ్ఞలు కలవు. టైమరుకు 500 అని అంకెను నేరుగా వ్రాయుటకన్న, నిర్వాహక వ్యవస్థలో వాడుకరి అమర్చుకొన్న హద్దును అడిగి తీసికొనుట మేలు. వేళ్ళు నెమ్మదిగా ఆడు పెద్దలు ఆ హద్దును పెంచుకొని యుండవచ్చును; ప్రోగ్రాము దానిని పాటింపనిచో వారి డబుల్ క్లిక్కు ఆ ఒక్క ప్రోగ్రాములో పనిచేయదు.

ఈ విధానము సరియైనదే గాని దీనికి మూల్యము కలదు. ఒకసారి మాత్రమే నొక్కినవారు ప్రతిసారియు అర సెకను వేచియుండవలెను. మీటను నొక్కినపుడు కంప్యూటరు సుమారు 0.1 సెకనులో స్పందించినచో మనిషికి అది వెంటనే జరిగినట్లు తోచునని రాబర్ట్ మిల్లర్ 1968లో వివరించెను. అర సెకను దానికి అయిదు రెట్లు. బటను పనిచేయలేదని తలచి వాడుకరి మరల నొక్కును. ఆ రెండవ నొక్కు టైమరు ముగియకముందే పడినచో, అతడు కోరని డబుల్ క్లిక్కు పని జరుగును. సందేహమును తీర్చుటకు పెట్టిన ఆలస్యమే ఇట్లు క్రొత్త పొరపాటుకు దారితీయును. హద్దును తగ్గించినచో ఆలస్యము తగ్గును గాని, నెమ్మదిగా నొక్కువారి డబుల్ క్లిక్కు రెండు విడి క్లిక్కులుగా చీలును. ఈ రెండింటిలో ఒక నష్టమును తగ్గించిన రెండవది పెరుగును.

మొదటి పని రెండవదానికి మెట్టు

ఈ చిక్కును తప్పించుకొను ఉపాయము మనము నిత్యము వాడు తెరలలోనే ఉన్నది. ఒక ఫైలు బొమ్మమీద ఒకసారి నొక్కినచో అది ఎన్నుకొనబడును. రెండుసార్లు నొక్కినచో తెరువబడును. తెరచుటకు ముందు ఎన్నుకొనుట ఎట్లును కావలసినదే. జిప్సీ వంశమునకు చెందిన రచనా ప్రోగ్రాములలో ఒక క్లిక్కు అక్షరముల నడుమ గుర్తును నిలుపును. రెండు క్లిక్కులు ఆ గుర్తు ఉన్న పదమంతయు ఎన్నుకొనును. ఇందులో కంప్యూటరు వేచియుండదు. మొదటి క్లిక్కు రాగానే దాని పని చేసివేయును. రెండవది వచ్చినచో, జరిగిన పనిని త్రోసివేయక దానినే ముందుకు సాగించును. మొదటి పని హాని లేనిదిగను, రెండవ పనికి మెట్టుగను ఉండుటయే ఇందలి సూత్రము.

వర్షపు లెక్కలో కూడ ఈ సూత్రమును పాటింపవచ్చును. దినముల పట్టికలో ఒక వరుసమీద ఒకసారి నొక్కినచో ఆ దినము రంగు మారి కనబడును. రెండుసార్లు నొక్కినచో దాని వివరములు తెరువబడును. కాని "నమోదు", "తొలగింపు", "చెల్లింపు" వంటి బటనులకు ఈ ఉపాయము తగదు. వాటి మొదటి క్లిక్కే తిరుగులేని పని చేయును. అట్టి బటనులకు ఒకే పని ఉండవలెను. రెండవ పని కావలసినచో ప్రక్కన రెండవ బటనును ఉంచవలెను.

నమోదు బటనుకు రక్షణ

ఒకే పని గల బటనును కూడ అలవాటు చొప్పున రెండుసార్లు నొక్కువారు ఉందురు. వారిని నిందించుట తగదు. బొమ్మను రెండుసార్లు, బటనును ఒకసారి నొక్కవలెనను నియమము చూపునకు తెలియునది కాదు. రక్షణ ప్రోగ్రాములోనే ఉండవలెను.

మొదట తోచు ఉపాయము బటనును మూయుట. క్లిక్కు రాగానే బటనును పనిచేయకుండ చేసి, నమోదు పూర్తియైన పిమ్మట మరల తెరతురు. మూసిన బటను రంగు వెలిసి కనబడుటచే, పని జరుగుచున్నదని నొక్కినవారికి కూడ తెలియును. ఇది మంచి అలవాటే గాని, ఇందులో ఒక రంధ్రము కలదు.

వార్తలు ప్రోగ్రామునకు చౌకధరల దుకాణము ముందు నిలిచిన జనమువలె వరుసలో వచ్చును. ఒకదాని పని ముగియువరకు తరువాతిది వేచియుండును. నమోదు చేయుటకు రెండు సెకనులు పట్టినదనుకొందము. ఆ రెండు సెకనులును ప్రోగ్రాము ఆ పనిలోనే మునిగియుండుటచే రెండవ క్లిక్కు వరుసలో నిలిచియుండును. పని ముగియగానే బటను తెరువబడును. అపుడు వరుసలోని రెండవ క్లిక్కు వంతు వచ్చును. దానికి తెరచియున్న బటనే కనబడును. నమోదు రెండవసారియు జరుగును. తలుపు మూసినను, వచ్చినవాడు వాకిట నిలిచి, తెరచిన తోడనే లోనికి వచ్చినట్లే. అందుచేత ఎక్కువ సేపు పట్టు పనిని వేరు దారమున, అనగా ప్రోగ్రాములో ప్రక్కగా సాగు మరియొక పనివరుసలో నడిపి, బటనుకు వచ్చు క్లిక్కులను అప్పటికప్పుడు త్రోసిపుచ్చవలెను. లేదా వరుసలో మిగిలిన క్లిక్కులు పోయిన పిమ్మటనే బటనును తెరవవలెను.

ఇంతకంటె గట్టి రక్షణ లెక్కలోనే కలదు. మన ప్రోగ్రాము "2ను కలుపుము" అని వ్రాసికొనుటచేతనే తప్పు జరిగినది. దానికి బదులు "ఈ తేదీకి వర్షపాతము 2" అని వ్రాసినచో రెండవ క్లిక్కు అదే తేదీకి అదే అంకెను మరల ఉంచును. ఫలితము మారదు. కలుపుట రెండుసార్లు జరిగిన ఫలితము మారును. ఉంచుట ఎన్నిసార్లు జరిగినను ఫలితము ఒక్కటే. గణితములో ఒక సంఖ్యను సున్నతో ఎన్నిసార్లు గుణించినను సున్నయే వచ్చుట ఇట్టిదే. తేదీని, వర్షమాపకము పేరును కలిపి తాళముగా చేసి, ఒక తాళమునకు ఒకే నమోదు ఉండునట్లు నియమించినచో, క్లిక్కులు రెండైనను పదియైనను లెక్క చెడదు. అంకెను నిజముగా సవరింపవలసినపుడు పాత అంకెను చూపి, మార్చవలెనా అని అడుగవచ్చును.

డబ్బు చెల్లింపులలో ఇదే సూత్రమును మరియొక రూపమున వాడుదురు. ఒకే మొత్తమును ఒకే మనిషికి ఒకే దినమున రెండుసార్లు నిజముగనే చెల్లించుట కద్దు. కావున తేదీ తాళముగా చాలదు. చెల్లింపు పత్రము తెరచినపుడే దానికి ఒక ప్రత్యేక సంఖ్యను ఇచ్చి, ఆ సంఖ్యతో రెండవసారి వచ్చిన కోరికను క్రొత్త చెల్లింపుగా గ్రహింపరు.

ముదిరిన మౌసు

కొన్నిసార్లు మనిషి ఒకసారి నొక్కినను కంప్యూటరుకు రెండు క్లిక్కులు చేరును. మీట క్రింద సన్నని లోహపు స్ప్రింగు ఉండును. అది మరియొక లోహపు మొనను తాకినపుడు ఒక్కసారిగా నిలువక, నేలమీద పడిన గోళీవలె కొన్ని మిల్లీసెకనులపాటు ఎగిరి పడుచు తాకును. ప్రతి తాకిడియు ఒక నొక్కువలె కనబడును. మౌసులోని చిన్న మైక్రోకంట్రోలరు ఈ అదురును వడగట్టి ఒకే నొక్కుగా పంపును. స్ప్రింగు అరిగి అదురు ఎక్కువ సేపు సాగినచో వడపోత చాలక, ఒక నొక్కు రెండుగా బయటపడును. పాఠశాలలోని పాత మౌసులలో ఈ జబ్బు కనబడవచ్చును. ప్రోగ్రామునకు ఈ రెండవ నొక్కు వ్రేలి నుండి వచ్చినదో, స్ప్రింగు నుండి వచ్చినదో తెలియదు. లెక్కను తాళముతో కాపాడినచో తెలియనక్కరయు లేదు.

తరగతిలో చేయదగిన పరీక్షలు

కంప్యూటరు గల పాఠశాలలో టికింటర్ సహాయమున ఈ క్రింది మూడు పరీక్షలను విద్యార్థులచే చేయింపవచ్చును.

మొదటి పరీక్ష: ఒక బటను, దాని క్రింద ఒక అంకె. బటనును నొక్కినపుడెల్ల అంకె ఒకటి పెరుగవలెను. దానిమీద డబుల్ క్లిక్కు చేసి అంకె ఎంత పెరిగినదో చూడవలెను.

రెండవ పరీక్ష: వరుసగా వచ్చిన రెండు నొక్కుల నడుమ కాలమును ప్రోగ్రాము మిల్లీసెకనులలో చూపవలెను. ప్రతి విద్యార్థియు ఇరువదిసార్లు డబుల్ క్లిక్కు చేసి కాలములను పట్టికలో వ్రాయవలెను. ఇంటిలోని పెద్దలచేత కూడ చేయించి, ఎవరి కాలములు 400, 500 మిల్లీసెకనుల హద్దులను ఎన్నిసార్లు దాటినవో లెక్కింపవలెను. హద్దును ఎచ్చట ఉంచుట న్యాయమో తరగతిలో చర్చింపవచ్చును.

మూడవ పరీక్ష: వర్షపు నమోదును మొదట "కలుపు" పద్ధతిలోను, పిమ్మట "తేదీకి ఉంచు" పద్ధతిలోను వ్రాయవలెను. నమోదు పనిలో కావలెనని రెండు సెకనుల ఆలస్యమును చేర్చి, బటనును మూసి తెరచు ఉపాయమును కూడ పరీక్షింపవలెను. రెండు పద్ధతులలోను 2 మిల్లీమీటర్ల జల్లును డబుల్ క్లిక్కుతో నమోదు చేసి, ఆ దినము వర్షపు దినముగా లెక్కకు వచ్చినదో లేదో చూడవలెను.

మూడవ పరీక్షలో ఆలస్యము ఉన్నను, చేయి ఎన్నిసార్లు నొక్కినను, పట్టికలో 2 అను అంకెయే నిలిచినచో ఆ ప్రోగ్రాము వర్షమాపకము చెప్పినదానినే చెప్పుచున్నదని విద్యార్థులు నమ్మవచ్చును.